షాపులో ఫ్యాన్ ఎందుకు ఆపుతున్నామంటే

ఈ వారం గోళ్లు, పాదాలు బాగుచేయించుకోడానికి మన షాపుకి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, ఫ్యాన్ ఎందుకు ఆపేస్తున్నారని. విజయనగరం ఉక్కలో ఫ్యాన్ ఆపేసి కూర్చోబెడితే ఎవరికైనా విసుగే. ఒక మామ్మగారైతే "ఏటమ్మా, కరెంటు బిల్లు కట్నేదా?" అనేశారు. కట్టానండి. కారణం వేరు.

మొన్న సిరిమాను పండక్కి నాలుగు రోజులు షాపు మూశాను. ఏడాదిగా వదలని తుమ్ములు, కళ్ల దురద ఆ నాలుగు రోజులూ లేవు. తెరిచిన రోజు మధ్యాహ్నానికే మళ్లీ మొదలు, రాత్రికి పొడి దగ్గు. డాక్టరుగారు గొట్టంలోకి ఊదించి చూసి, "మీ పనే మీకు పడటం లేదు" అన్నారు.

మందమైన గోరుని మెషిన్‌తో అరగదీస్తే తెల్లటి పొడి లేస్తుంది. బల్ల మీద పడేదాన్ని తుడిచేస్తాం. చిక్కంతా కంటికి కనపడని దానితోనే. అందులో చాలా భాగం 5 మైక్రాన్లకన్నా సన్నం. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కదా, ఆ లెక్కన చూసుకోండి. అంత సన్నటిది ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. మెషిన్ ఆపాక కూడా గంటల తరబడి గాలిలో తేలుతుంది. ఫ్యాన్ వేస్తే షాపంతా చెదురుతుంది, అందుకే ఆపుతున్నాం. గోటికి ఫంగస్ ఉంటే పొడిలోనూ ఉంటుంది. రోజూ పీలిస్తే కొందరికి అలర్జీ వస్తుంది, ఆస్తమా దాకా వెళ్లొచ్చు. బ్రిటన్‌లో పాదాల చికిత్స చేసేవాళ్ల మీద 1980లలోనే దీని గురించి పరిశోధన జరిగింది.

మా నాన్న జూట్ మిల్లులో పనిచేశారు. జనపనార దుమ్ముకి ఆయన దగ్గుతుంటే వింటూ పెరిగాను. అయినా నా చేతికింద లేచేదీ దుమ్మేనని తట్టలేదు. పల్చటి నీలం మాస్కు, అదీ ముక్కు కిందకి లాగి, నాలుగేళ్లు పనిచేశాను. సాయంత్రం చీపురుతో ఊడ్చి, పడినదాన్ని మళ్లీ లేపేదాన్ని. నా దగ్గర పనిచేసే అమ్మాయి చేతా అదే చేయించాను. ఆ తప్పు నాదే.

ఇప్పుడు పొడిని పీల్చుకునే మెషిన్ కొన్నాను. అదీ మొత్తం లాగదు, అందుకే మేమిద్దరం ఎన్95 మాస్కు పెట్టుకుంటున్నాం. మాట సరిగా వినపడకపోతే కోప్పడకండి. ఊడ్చడం మానేసి తడిగుడ్డతో తుడుస్తున్నాం. ముందు గోరు మెత్తబరిచి, కట్టర్‌తో తీయగలిగినంత తీశాకే మెషిన్. షుగర్ ఉన్నవాళ్ల పాదాలు ఎక్కువసేపు నీళ్లలో నానబెట్టకూడదు కాబట్టి వాళ్లకి గోటి మీద మాత్రమే తడి దూది పెడతాం. బాగా మందంగా ఉంటే కొన్ని రోజులు యూరియా క్రీమ్ రాసుకుని రమ్మంటాం. పొలంలో చల్లే బస్తా కాదండోయ్, మందుల షాపులో అడగండి.

ఫంగస్ గోళ్ల పని ఇక సాయంత్రం చివర్లోనే. అరగంట కూర్చుని వెళ్లే మీకు మాకున్నంత బెడద ఉండదు. అయినా ఆస్తమా ఉంటే ముందే చెప్పండి, ఉదయం మొదటి నంబరు ఇస్తాం. రేటు 300 నుంచి 350 చేశాను. మెషిన్ వాయిదాలు కట్టాలి, దాచడం ఎందుకు.

గోళ్లు అరగదీసే పాత మెషిన్ అమ్ముతారా అని ఒక పార్లర్ ఆవిడ అడిగారు. ఈ సంగతంతా చెప్పాను. మళ్లీ ఫోన్ చేయలేదు.