ఆ పసుపు రంగు ఇక రాదు

బాలానగర్‌లో మా షెడ్డుకు బోల్టులు, బ్రాకెట్లు జింక్ ప్లేటింగ్‌కు పంపే వాళ్లందరికీ.

పోయిన నెల మూడు లాట్లకు తెల్ల తుప్పు వచ్చింది. ఫోన్ చేసినవాళ్లంతా ఒకటే మాట: "అన్నా, పాత ఎల్లో పాసివేషనే నయం కదా?" జింక్ పూత మీద తుప్పు పట్టకుండా పసుపు రంగు తెచ్చే మందులో ముంచడమే ఆ పాసివేషన్. నయమే, పనికి. కానీ ఆ మందులోది హెక్సావాలెంట్ క్రోమియం, క్యాన్సర్ తెచ్చే సరుకు. ఐరోపావాళ్లు కరెంటు సామాన్లలో 2006 జూలై నుంచే దాన్ని కట్టడి చేశారు. ఆ మందు అంటిన కడుగు నీళ్లలో యాసిడ్, మెటాబైసల్ఫైట్ వేసి విషం విరిచి, సున్నం కలిపి, అడుక్కి దిగిన బురదను దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపేవాళ్లం. మందు కొనడానికి డబ్బు, దాన్నే బురదగా పారేయడానికి మళ్లీ డబ్బు! అందుకే అంత విషం లేని ట్రైవాలెంట్ క్రోమియం మందుకు మారాం. విరిచే పని తప్పింది, బురద తగ్గింది.

ఆ కొత్త మందు మొదటి రెండు డ్రమ్ములు బాగానే నడిచాయి. మూడోది తేడా కొట్టింది. సప్లయర్‌కు చెప్తే "మీ పిల్లలకు చేతకాదు" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా టబ్బుల మధ్య నిలబడ్డవాడితో అనే మాటేనా అది? ఒకే బ్యారెల్‌లోని (సరుకు వేసి ముంచే చిల్లుల పీపా) బోల్టులను సగం రెండో డ్రమ్ము అడుగున మిగిలిన మందులో, సగం మూడోదాంట్లో ముంచి, రెండు మగ్గుల ఉప్పునీళ్లలో వేశాను. మూడో రోజు పొద్దున మూడో డ్రమ్ము మందులో ముంచినవాటికి సున్నం కొట్టినట్టు తెల్లపొడి. ఫొటోలు పంపాను. జవాబు లేదు. ఆ గడప మళ్లీ తొక్కను.

నా తప్పూ ఉంది. టబ్బు అడుగున పడ్డ బోల్టులను రోజూ తీయించలేదు. వాటి ఇనుము కరిగినా ఈ మందు చెడుతుంది. ఇప్పుడు సాయంత్రం అయస్కాంతం వేసి ఏరిస్తున్నాం.

మూలన పాత ఎల్లో టబ్బు ఇంకా నిండుగానే ఉండింది. ఒక్క పూటలో అందరి లాట్లూ అందులో ముంచి ఇచ్చేయొచ్చు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు దాన్నీ విరిచి, బురద చేసి పంపేశాను. మళ్లీ మనసు మారకుండా.

ఇప్పుడు కడుగు టబ్బులు మూడు: మంచినీళ్లు చివరిదాంట్లో పడి వెనక్కి మొదటిదానికి పారతాయి. బ్యారెల్ ఎత్తాక పైనే ఇరవై లెక్కపెట్టాలి, మందు చుక్కలు మందులోనే పడాలి. పిల్లలు పాట కట్టి మరీ లెక్కపెడుతున్నారు.

కొత్త సరుకు లేత నీలంగా వస్తుంది. పసుపు డై అద్దమని అడగొద్దు, అద్దను. పాడైన లాట్లు ఉచితంగా మళ్లీ చేస్తాను, రానుపోను ఆటో కిరాయి నాదే. ఒక్కటే: వాటికి నూనె రాసి పంపకండి, అది వదిలించడానికే ఒక పూట పోతోంది.