బోరు వేశాక నీటి పరీక్ష ఫలితం ఊరికి చెప్పండి

సంపాదకుల గారికి నమస్కారం.

ఎండలు ముదిరేకొద్దీ మా ఉదయగిరి వైపు పల్లెల్లో బోరు బండ్ల చప్పుడు మొదలవుతుంది. తాగునీటికి బోరు మంజూరైందంటే అది ఎంత ఊరటో బిందెలు మోసిన ఆడవాళ్లకు తెలుసు. ఆ పని చేయిస్తున్న పంచాయతీలకు, గ్రామీణ నీటి సరఫరా విభాగం వారికి, సొంత డబ్బు పెట్టి పుట్టిన ఊళ్లో బోరు వేయిస్తున్న దాతలకు మేమంతా రుణపడి ఉన్నాం. వాళ్లను నేను అడిగేది ఒక్కటే. నీళ్లు పడ్డాక, మోటారు బిగించే ముందే, ఆ నీళ్లలో పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను ఊరందరికీ కనిపించేలా రాయించండి.

బోరు వేసేటప్పుడు దగ్గరుండి చూసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పాయింటు చూసినచోట కొబ్బరికాయ కొట్టి బండి స్టార్ట్ చేస్తారు. పై మట్టి దాటి రాయి తగిలాక ఎంతసేపటికీ తెల్లటి దుమ్మే లేస్తుంది. రాడ్డు మీద రాడ్డు దించుతుంటే చుట్టూ నిలబడ్డవాళ్లకు ఒకటే టెన్షన్. ఆ దుమ్ము తడిసి ముద్దలుగా పడటం మొదలయ్యాకే మొహాల్లో కళ వస్తుంది. నీళ్లు ఎగజిమ్మగానే “ఎన్ని ఇంచులు పడ్డాయబ్బాయా?” అని పెద్దవాళ్లు అడుగుతారు. ఎవరో ఒకరు దోసిట పట్టి నోట్లో పోసుకుని “తియ్యగా ఉండాయి” అంటారు. అంతటితో పరీక్ష అయిపోయినట్టే. తెల్లారేసరికి బండి ఇంకో ఊళ్లో ఉంటుంది.

నీళ్లలో ఉప్పుంటే నాలుకకు తెలుస్తుంది. ఫ్లోరైడ్‌కు రుచీ లేదు, రంగూ లేదు, వాసనా లేదు. పప్పు ఉడికితే, సబ్బు నురగ వస్తే అవి మంచినీళ్లని మన పెద్దవాళ్లు లెక్క వేసేవారు. ఫ్లోరైడ్ విషయంలో ఆ లెక్క పనికిరాదు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కొంత రాయిలోనే మిగిలిపోతుంది. కాల్షియం తక్కువై, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్లలో మాత్రం కరిగి ఉండిపోతుంది. పప్పు బాగా ఉడికేది కూడా కాల్షియం తక్కువున్న నీళ్లలోనే. అంటే పప్పు చక్కగా ఉడికే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే వీలుంది. నోటికి బాగున్నాయని నమ్మి పిల్లలకు పట్టకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఈ ఫ్లోరైడ్‌ను ఎవరో తెచ్చి నీళ్లలో కలపలేదు. మన మెట్ట ప్రాంతంలో కిందంతా గట్టి రాయి. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీరు ఎంత ఎక్కువ కాలం నిలిచి ఉంటే అంత కరుగుతుంది. ఒకప్పుడు దిగుడు బావుల్లో ఊరే నీరు చాలావరకు ఏటేటా వానకు చేరే పై నీరు. ఇప్పుడా బావులు ఎండిపోయి పూడిపోయాయి. వందల అడుగుల లోతున, ఎన్నేళ్లుగానో రాతి సందుల్లో నిలిచిన నీటిని తోడుకుంటున్నాం. లోతుకు పోయినకొద్దీ ఇంకా మంచినీళ్లు దొరుకుతాయన్న నమ్మకం మన వైపు చాలామందిలో ఉంది. ఆ నమ్మకాన్ని వదిలించుకోవాలి.

భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సర్దుకోవచ్చు. అంతకుమించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా నేను రోజూ చూస్తున్నాను. కొత్త పళ్లు వస్తూనే సున్నం పూసినట్టు తెల్ల మచ్చలతో వస్తాయి. తర్వాత గోధుమరంగు చారలు పడతాయి, కొందరికి అంచులు పెళుసుబారి విరుగుతాయి. బడిలో గ్రూపు ఫొటో తీస్తామంటే ఆడపిల్లలు పెదాలు బిగించుకుని నిలబడతారు. చిగుళ్ల లోపల ఉండగానే పన్ను మీద పడే మచ్చ అది, ఎంత తోమినా పోదు. ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్లే ఆ పిల్ల జీవితాంతం నవ్వే నవ్వును తేల్చేస్తాయి. ఇక ఆ ఇళ్లలోని పెద్దవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. గడ్డం ఛాతీకి ఆనించమంటే మెడ వంగదు. పీట మీద కూర్చుంటే లేవలేరు. వయసు మీద పడిందనుకుంటారు గానీ వాళ్లలో నలభై దాటనివాళ్లూ ఉన్నారు.

ఇది కొత్తగా తెలిసిన జబ్బేమీ కాదు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో దాని గురించి తొలిసారి వైద్య పత్రికలో వచ్చింది 1937లో, అదీ మన ప్రాంతం గురించే. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసిన రోగుల గురించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి, తర్వాత అదే ప్రకాశం జిల్లా అయింది. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తం మీద ఎంచుకున్న తొలి కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఇంత చరిత్ర ఉన్న గడ్డ మీద ఈరోజుకీ పరీక్ష లేకుండా బోరు నీళ్లు కుళాయిలోకి వదలడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

పరీక్ష ఖరీదైందా అంటే అదీ కాదు. ఇంటింటికీ కుళాయి నీరివ్వడానికి కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లకు టెస్ట్ కిట్లు ఇవ్వాలని, ఊరికి కనీసం ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష చేయడం నేర్పించాలని నిబంధన ఉంది. చిన్న గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ అది పసుపు వైపు తిరుగుతుంది. పక్కనున్న రంగుల చార్టుతో పోల్చుకుంటే నీళ్లెలాంటివో నిమిషాల్లో ఒక అంచనాకు రావచ్చు. అనుమానం వస్తే శాంపిల్‌ను ల్యాబుకు పంపాలి. ఐదో తరగతి పిల్లలకైనా అర్థమయ్యే పని ఇది. నాకు తెలిసిన ఒక ఊళ్లో ఆ కిట్టు సీలు తీయకుండా బీరువాలోనే ఉంది. మరోచోట కొత్త బోరు నీళ్ల గురించి అడిగితే శాంపిల్ పంపించామన్నారు. ఫలితం ఏమైందని ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. ఈలోపు ఆ నీళ్లు అంగన్‌వాడీ కుళాయికి కూడా వచ్చేశాయి.

క్యాను నీళ్లు కొనుక్కుంటున్నారు కదా అని కొందరు అంటారు. కొనగలిగినవాళ్లు కొంటున్నారు, అదీ తాగడానికే. బియ్యం కడిగేది, అన్నం వండేది, పప్పు ఉడికించేది, టీ కాచేది బోరు నీళ్లతోనే. అన్నం పీల్చుకున్న నీటిలోని ఫ్లోరైడ్ కంచంలోకి వచ్చేస్తుంది. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. బడుల్లో మధ్యాహ్న భోజనం ఏ నీళ్లతో వండుతున్నారో కూడా అధికారులు ఒకసారి చూడాలి.

ఒకసారి పరీక్ష చేసి వదిలేసినా సరిపోదు. వానలు పడ్డాక ఉన్న నీరు వేరు, నీటిమట్టం దిగిపోయిన మే నెలలో వచ్చే నీరు వేరు. కనీసం ఆ రెండు కాలాల్లోనూ చూడాలి. అంకె ఎక్కువ వచ్చిందని బోరు పూడ్చేయమని నేను అనడం లేదు. స్నానానికి, గిన్నెలు తోమడానికి, బట్టలకు ఆ నీరు వాడుకోవచ్చు. తాగడానికి, వండటానికి మాత్రం వేరే నీరు చూపించాలి. ఒకే ఊళ్లో ఒక బోరులో ఎక్కువ, రెండు వీధుల అవతల తక్కువ ఉన్న సందర్భాలున్నాయి. పాత బోర్లన్నీ పరీక్షిస్తే కొన్ని ఊళ్లకు మంచి బోరు చేతికందే దూరంలోనే దొరకొచ్చు. దొరికిన మంచి బోరును కాపాడుకోవడానికి నీరు, భూమి, చెట్ల సంరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. మా వైపు చాలా చేలల్లో ఆ దూరం పాటించడం లేదు. రైతు కష్టం నాకు తెలుసు, మాదీ రైతు కుటుంబమే. అయినా ఊరు మొత్తం తాగే బోరు పక్కనే ఇంకో మోటారు బిగించడానికి అధికారులు ఒప్పుకోకూడదు.

నదినీళ్లు వస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. సోమశిల నీళ్లు, వెలిగొండ నీళ్లు మా మెట్టకు ఎప్పుడు చేరతాయా అని ఎదురుచూస్తూనే ఉన్నాం. అవి వచ్చేదాకా మాకు బోరే దిక్కు.

కాబట్టి జిల్లా అధికారులకు నా విన్నపం: కొత్త బోర్ల బిల్లు పాస్ చేసేటప్పుడు నీటి పరీక్ష కాగితం తప్పనిసరి చేయండి. ప్రతి ట్యాంకు మీద ఫ్లోరైడ్ ఎంతుందో, పరీక్ష ఏ తేదీన చేశారో, ఆ నీరు తాగొచ్చో లేదో పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి. దాతలు కూడా బోరు ఖర్చులో పరీక్ష ఖర్చును కలుపుకోవాలి. అన్నీ ఒకేసారి చేయలేమంటే అంగన్‌వాడీలు, బడుల బోర్లతో మొదలుపెట్టి జూన్‌లో బడులు తెరిచేలోగా పూర్తి చేయండి. మా మండలంలో ఏ బోర్లకు పరీక్ష జరిగింది, ఫలితాలేమిటన్నది సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారానే చెబితే మేమంతా చదువుకుంటాం.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
వరికుంటపాడు మండలం, నెల్లూరు జిల్లా