బిట్ల కీతో పాటు కారణం కూడా వేయండి

సంపాదకుడు గారికి,

పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే పత్రికల చదువు పేజీలు ఇంగ్లిష్ మోడల్ పేపర్లతో నిండిపోతాయి. భీమవరం నుంచి అమలాపురం దాకా పిల్లలు వాటిని కత్తిరించి దాచుకుంటారు, ట్యూషన్లలో జిరాక్సులు తీయించి పంచుతారు. మంచిదే. కానీ చివర ఇచ్చే కీ చూడండి: 1-బి, 2-ఎ, 3-డి. అంతే. తప్పు పెట్టిన పిల్లవాడికి ఆ అక్షరం వల్ల తెలిసేది ఏమీ లేదు. అదే కాగితం నాలుగుసార్లు చేస్తే మూడో బిట్టుకు డి అని గుర్తుండిపోతుంది, మార్కులన్నీ వచ్చేస్తాయి. అసలు పరీక్షలో వాక్యం మారగానే మళ్లీ తప్పే.

‘హీ హాజ్ లివ్‌డ్ ఇన్ రాజోలు’ తర్వాత ఖాళీ ఇచ్చి ‘త్రీ ఇయర్స్’ అంటే మన పిల్లల్లో చాలామంది ‘సిన్స్’ పెడతారు. మనం మూడేళ్ల నుంచి అన్నా, సోమవారం నుంచి అన్నా ఒకటే ‘నుంచి’ కదా! కీ పక్కన ఒక్క ముక్క చాలు: మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. వెంటనే ‘2019’, ‘లాస్ట్ సంక్రాంతి’, ‘ఎ లాంగ్ టైమ్’ పెట్టి మూడు కొత్త ఖాళీలిస్తే సూత్రం పట్టుబడుతుంది.

యాక్టివ్ వాక్యాన్ని ప్యాసివ్‌లోకి మార్చే వాయిస్ దగ్గర ఇంకా కష్టం. ఆబ్జెక్టు ముందుకు తే, చివర ‘బై’ పెట్టు అని లెక్కలా నేర్పిస్తున్నారు. ‘చేయబడెను’ అని ఇంట్లో ఎవరూ అనరు కాబట్టి అసలదెందుకో పిల్లలకు అర్థం కాదు. ‘ద ఫ్లడ్ కేమ్’ లాంటి, కర్మ లేని వాక్యాన్ని కూడా తిరగేయబోతారు. వేసవి వస్తే డెల్టాలో ‘కాలువలు కట్టేశారు’ అంటాం. ఎవరు కట్టేశారో చెప్పం, ఎవరూ అడగరు. ‘కరెంటు తీసేశారు’, ‘రేవు మూసేశారు’ కూడా అంతే. ఇంగ్లిష్‌లో ప్యాసివ్‌కు ముఖ్యమైన పని ఇదే: ‘ద కెనాల్స్ హావ్ బీన్ క్లోజ్‌డ్’. ‘బై’ ఎందుకు అక్కర్లేదో కూడా ఈ వాక్యమే చెప్పేస్తుంది. ఇలాంటివి పది ముందు నోటితో చెప్పించి, ఆ తర్వాత బిట్లివ్వాలి.

ఒకరన్న మాటను మన మాటల్లో చెప్పే రిపోర్టెడ్ స్పీచ్‌లోనూ తప్పుకు మూలం మన మాటతీరే. ‘అమ్మ రేపు వస్తానని అంది’ అంటే తెలుగులో క్రియ ‘నేను’కు తగినట్టే ఉండిపోతుంది, కాలమూ మారదు. అందుకే ‘షి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాస్తారు. ఇంగ్లిష్‌లో వ్యక్తి, క్రియ, సమయం మూడూ మారాలి: షి, వుడ్, ద నెక్స్ట్ డే. దిద్దేటప్పుడు మొత్తం వాక్యం మీద ఇంటూ కొట్టకుండా మూడింటిలో ఏది పోయిందో గుర్తు పెట్టాలి.

బడులకూ ఒక మనవి. స్లిప్ టెస్టు పెట్టడం, మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించడం, కాగితాలు కట్ట కట్టేయడం దగ్గరే ఆగిపోతే అది సాధన కాదు. 20 బిట్ల టెస్టుకు అరగంట చాలు. అదే రోజు ఇంకో 20 నిమిషాలు తప్పుల మీద పెట్టాలి. తప్పుల నోట్సులో రాసింది, రాయాల్సింది, ఎందుకు అనే మూడు గళ్లుండాలి. మూడో గడి పిల్లలే తమ మాటల్లో నింపాలి, తెలుగులో రాసినా సరే. వారం తర్వాత అదే సూత్రం మీద కొత్త వాక్యమివ్వాలి. ఒకరోజంతా వాయిస్, మరో రోజంతా ఆర్టికల్స్ పెడితే ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది గనక మార్కులు బాగానే కనిపిస్తాయి. పరీక్షలో అన్నీ కలిసి వస్తాయి. అందుకే నేర్పిన వారం దాటాక బిట్లు కలిపేయాలి.

పద్యాల ప్రశ్నలకు తెలుగు మాస్టారి సాయం తీసుకోవాలి. ప్రాస అంటే పాదంలో రెండో అక్షరమని పిల్లలు నేర్చుకుని ఉంటారు. ఇంగ్లిష్ రైమ్ మన అంత్యప్రాసకు దగ్గర. అదీ చెవికి వినబడేదే తప్ప స్పెల్లింగ్ కాదు. ‘లవ్’, ‘మూవ్’ చివరి అక్షరాలు ఒకటే అయినా పలుకు కలవదు. కాబట్టి పద్యం పైకి చదవకుండా, ఏ పాదం ఏ పాదంతో కలుస్తుందో చూపే రైమ్ స్కీము రాయించకూడదు. ఉపమ, రూపకం, అతిశయోక్తి ఎలాగూ వచ్చు కాబట్టి సిమిలీ, మెటఫర్, హైపర్‌బొలీ కొత్తగా బట్టీ పట్టించే పనిలేదు. సారాంశం గైడులోది అప్పజెప్పించే కన్నా, ఆ జవాబుకు ఆధారమైన పాదం కింద గీత గీయించడం మేలు.

చివరగా చదివి జవాబు రాసే పేరాలు. వాటిలో మన ప్రాంతం కనిపించదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, నరసాపురం లేసు, కోనసీమ కొబ్బరి పీచు, వరద నీటికి ఎదురీదే పులస, వీటి మీద 150 మాటల పేరాలు వేయండి. తెలిసిన విషయమైతే చదవకుండానే రాసేస్తారన్న భయం నిజమే. అందుకే ప్రశ్నలు పేరాలోని మాటలకు కట్టుబడి ఉండాలి: నేరుగా దొరికేవి రెండు, ఆలోచించి పట్టుకోవాల్సినవి రెండు, ఆ సందర్భంలో మాటకు అర్థం అడిగేది ఒకటి. ‘బ్యాంక్’ అనగానే డబ్బు దాచే చోటే తట్టే పిల్లలకు, అక్కడ అది ఏటి గట్టు అని వాక్యాన్ని బట్టి తేల్చుకోవడం అలా అలవాటవుతుంది.

కారణాలు వేయడానికి చోటు చాలకపోతే రోజుకు 30 బిట్లకు బదులు 8 వేయండి. ప్రతిదానికీ సరైన జవాబు ఎందుకు సరైనదో ఒక వాక్యం, పిల్లలు ఎక్కువగా పొరబడే జవాబు ఎందుకు కాదో ఇంకో వాక్యం ఇస్తే చాలు.

ఇట్లు,
కొందరు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు,
అమలాపురం