జాబితా పంపడం లేదు, కోప్పడకు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లవాడు నీ తరగతిలో చేరాడనీ, ఏమేం ఏర్పాట్లు చేయాలో ఒక జాబితా పంపమనీ రాశావు. ముందు బెంచి, పరీక్షలో అదనపు సమయం, తక్కువ హోంవర్క్: ఎవరిని అడిగినా ఈ మూడే చెబుతారు. వాటిని నేనూ రాసి పంపితే నువ్వు నోటీసు బోర్డుకు అంటించి ఊరుకుంటావు. నీ సంగతి నాకు తెలియదా!

అసలు విషయం ఇది. ఏం చేయాలో వాడికి తెలుసు. తెలిసినదాన్ని చేయవలసిన క్షణంలో చేయలేకపోవడమే వాడి ఇబ్బంది. రస్సెల్ బార్క్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా మొత్తుకుంటున్నది ఇదే: సాయం ఏదైనా పని జరిగే చోటే, జరిగే వేళకే అందాలి. పొద్దున చేసిన హితబోధ మధ్యాహ్నం లెక్కల పీరియడ్ దాకా నిలవదు. వారం చివర ఇస్తానన్న బహుమతికీ అదే గతి.

బోర్డు మీది పాఠం చూసి రాసుకోవడమే తీసుకో. మనకు అదొక పనే కాదు. వాడు తలెత్తి వాక్యం చదవాలి, మనసులో పట్టుకోవాలి, తల దించి నోటుపుస్తకంలో చోటు వెతుక్కోవాలి, రాయాలి, మళ్లీ తలెత్తి ఎక్కడ ఆపాడో కనిపెట్టాలి. ఈలోగా పక్కవాడి పెన్సిల్ కింద పడుతుంది. ఇంకేముంది, సగం వాక్యం గల్లంతు. గంట కొట్టేసరికి పుస్తకంలో నాలుగు తెగిన వాక్యాలుంటాయి, కింద ఎర్ర సిరాతో 'అశ్రద్ధ' అని మనం రాసిన మాట ఉంటుంది. అదే పాఠాన్ని అచ్చు కాగితం మీద ఇచ్చి, ముఖ్యమైన మాటల దగ్గర మాత్రం ఖాళీలు వదిలి చూడు. చూపు బోర్డుకూ పుస్తకానికీ మధ్య తిరగడం తప్పుతుంది, వాడి శక్తి పాఠం మీద పడుతుంది.

నోటిమాటగా చెప్పేవీ అంతే. "పుస్తకం తీసి, అభ్యాసం చూసి, మూడో లెక్క చేసి, నా దగ్గరికి తీసుకురా" అంటే వాడు పుస్తకం తీసి కూర్చుంటాడు. మొండితనం కాదది, మిగతావి జారిపోయాయి. ఒక్కో మెట్టు చెప్పు, లేదా బోర్డు మూల రాసిపెట్టి వేలితో చూపించు.

అదనపు సమయం గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. పని మొదలుపెట్టలేని పిల్లవాడికి మరో అరగంట ఇస్తే, ఇంకో అరగంట కిటికీలోంచి చూస్తాడు. నెమ్మదిగా చదివేవాళ్లకు, రాసేవాళ్లకు అది నిజంగా అవసరమే, కాదనను. వీడికి మాత్రం సమయాన్ని పెంచడం కన్నా పనిని ముక్కలు చేయడం మేలు. లెక్కల కాగితాన్ని సగానికి మడిచి పైభాగమే ముందుపెట్టు. అది పూర్తి కాగానే వచ్చి చూసి, "ఈ రెండూ సరిగ్గా చేశావు" అని అక్కడే చెప్పు. తర్వాతే మడత విప్పాలి. మధ్యలో లేచి నాలుగడుగులు వేసి వస్తానంటే వెళ్లనివ్వు.

కదలిక అంటే నీకు చిరాకని తెలుసు. అయినా విను. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఎక్కువగా కదులుతున్నప్పుడే బాగా చేశారు, లేనివాళ్ల విషయంలో ఇది తలకిందులైంది. కాబట్టి కాలు ఊపితే ఊపనీ, నిలబడి రాస్తానంటే వెనక వరసలో రాయనీ. చేతిలో తిప్పే బొమ్మలంటే మాత్రం నాకు నమ్మకం తక్కువ, కాసేపటికి ఆ బొమ్మే పాఠమైపోతుంది. ఇక పని పూర్తి చేయలేదని ఆటల పీరియడ్ కోసేయడం ఉంది చూశావూ, అంతకన్నా తెలివితక్కువ శిక్ష నాకు తెలియదు.

ముందు బెంచి కూడా అందరికీ పనికిరాదు. వెనక ఏ చప్పుడైనా తిరిగి చూసే పిల్లవాడు ముందు కూర్చుంటే మెడ తిప్పడంతోనే సరిపోతుంది. కొన్నాళ్లు గమనించి నిర్ణయించు. వాణ్ణే అడుగు కూడా, మనం అనుకునేదానికన్నా బాగా చెబుతారు.

2007లో వచ్చిన మెదడు స్కానుల అధ్యయనంలో, ఈ పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల క్రమం అందరిలాగే ఉన్నా, సుమారు మూడేళ్లు ఆలస్యంగా సాగుతుందని తేలింది. అందుకని పదేళ్లవాణ్ణి ఏడేళ్లవాడిగా చూడమనను. "ఇంత పెద్దవాడివి, ఈమాత్రం తెలియదా" అనే మాట నోటిదాకా వచ్చినప్పుడు దీన్ని తలుచుకో, చాలు.

"వాడికే ఎందుకు?" అని మిగతావాళ్లు తప్పక అడుగుతారు. ఖాళీల కాగితం, బోర్డు మూల మెట్లు అందరికీ ఇచ్చేయ్, గొడవ ఉండదు. ఆ తరగతిలోనే అల్లరి చేయకుండా, ఎవరికీ అడ్డురాకుండా కలల్లో తేలే అమ్మాయి ఒకరు ఉండవచ్చు. అలాంటివాళ్లు ఎవరి కంటా పడరు, వాళ్లకూ ఇవి అందుతాయి.

ఇంటికి పంపే డైరీలో ఫిర్యాదులు ఆపి, రోజుకో చిన్న చీటీ పెట్టు. అందులో రెండే అంశాలు: 'పని మొదలుపెట్టాడా', 'చేయెత్తి అడిగాడా'. ఒక్కోదాని పక్కన పీరియడ్ల వారీగా టిక్కు. ఇంట్లో ఆ సాయంత్రమే దానికి తగిన చిన్న మెప్పు దక్కాలని తల్లిదండ్రులతో ముందే మాట్లాడు. అంశాలు ఐదారు చేశావో, నువ్వే నింపడం మానేస్తావు. మొదటి వారం చీటీలు దాచి ఉంచు, ఏ పీరియడ్‌లో టిక్కులు తగ్గుతున్నాయో నాకు రాయి. ఏది మార్చాలో అప్పుడు తేల్చుకుందాం.

నీ
పాత బెంచి నేస్తం