ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మేం వేసిన పిడుల గురించి

మూడు వారాల కింద పొద్దున్నే ఒక పెద్దాయన షాపుకొచ్చారు. మా దగ్గర కత్తులు తీసుకునే గీత కార్మికుల్లో అందరికంటే పాత మనిషి. మా నాన్న కొలిమి నడిపిన రోజుల నుంచి వస్తున్నారు. ఏమీ మాట్లాడకుండా నడుముకున్న కత్తి తీసి బల్ల మీద పెట్టారు. "బిడ్డా, చెట్టు మీద ఉండంగ చేతుల తిరిగింది" అన్నారు. అంతే.

కత్తి అందుకుని చూశాను. పొన్ను, అంటే పిడి మూతికి బిగించే ఇత్తడి ఉంగరం, లేదు, ఎక్కడో ఊడి పడిపోయింది. పొన్ను ఉండాల్సిన చోట నుంచి సన్నటి పగులు ఒకటి బొటనవేలంత పొడవున వెనక్కి పారింది. అలుగు, అంటే కోసే ఇనుము, పట్టుకుని మెల్లగా తిప్పితే పిడిలో టిక్కు టిక్కుమని అటూ ఇటూ కదులుతోంది. తాటిచెట్టు మీద, ఎక్కేందుకు కట్టుకునే మోకు, ముత్తాదు మీదే బరువంతా వేసి, ఒక చేత్తో గెల పట్టుకుని ఇంకో చేత్తో గీసే మనిషికి ఆ కదలిక ఎంత ప్రమాదమో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దేవుడి దయవల్ల ఆయనకు ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు కంటి నిండా నిద్ర లేదు.

ఆ పిడి మేం పోయినేడు సెప్టెంబరులో వేసింది. పుస్తకం తీసి లెక్క చూస్తే ఆగస్టు మొదటి వారం నుంచి అక్టోబరు చివరిదాకా మొత్తం 340 పిడులు బయటికి పోయాయి. గీత కత్తులు, వంటింటి కత్తులు, కొడవళ్లు, ఉలులు, గొడ్డలి కామలు (గొడ్డలికి వేసే పొడవాటి కర్ర పిడులు) అన్నీ కలిపి. నేనూ మా తమ్ముడూ కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాం. ఇప్పటికి 212 పిడుల సంగతి తెలిసింది. వాటిలో 61 వదులయ్యాయి, లేదా పగిలాయి. ఇంకా ఫోన్ అందని వాళ్లు ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ మూడు నెలల్లో మా దగ్గర ఏ పనిముట్టు తీసుకున్నా, బాగానే ఉన్నట్టు అనిపించినా, ఒకసారి చూసుకోండి. పిడి ఒక చేత్తో, ఇనుము ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పండి. కొంచెం కదిలినా పని ఆపేయండి. గీత కత్తి, గొడ్డలి అయితే మాత్రం కదిలినా కదలకపోయినా మాకు తెచ్చివ్వండి. పిడి మార్చడానికి డబ్బు తీసుకోం. దూరం వాళ్లకు రాను పోను కొరియర్ ఖర్చు మాదే.

ఎందుకిలా జరిగిందో చెప్పాలి. దసరా ముందు మటన్ కొట్టు వాళ్ల కత్తులు, ఆయుధ పూజకు కొత్త పనిముట్లు, అన్ని ఆర్డర్లూ ఒక్కసారే వచ్చి పడతాయి. పోయినేడు మా దగ్గర ఆరబెట్టిన నల్లతుమ్మ కట్టె జూలైలోనే అయిపోయింది. ఏడాది ఆరిన కట్టె అని చెబితే బయట ఒకచోట కొన్నాను. పైన చూస్తే ఆరినట్టే ఉంది. గోరుతో గీరాను, గట్టిగానే తగిలింది. తూకం వేసి చూడలేదు. ఆర్డర్ల టెన్షన్‌లో ఆ ఒక్క పనీ వదిలేశాను. అమ్మినవాళ్లను అనడానికి లేదు, పిడి మీద ఉన్నది మా ముద్ర.

పెద్దాయన వచ్చి వెళ్లాక ఆ కట్టెలో మిగిలిన ఒక ముక్క దొరికింది. పని మధ్యలో ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టిన ముక్క, ఎక్కువ ఆరే అవకాశం లేదు. తూస్తే 236 గ్రాములుంది. పాత ఓవెన్‌లో 103 డిగ్రీల వేడి మీద, బరువు తగ్గడం పూర్తిగా ఆగేదాకా ఉంచి మళ్లీ తూశాం. 200 గ్రాములు. అంటే 200 గ్రాముల కట్టెలో 36 గ్రాముల నీళ్లు, 18 శాతం తేమ. పిడి చేసే కట్టెలో మా దగ్గర 10 నుంచి 12 శాతం మించకూడదు. వానాకాలం గాలిలో ఆ 18 శాతం కట్టె ఎంతో బిగువుగా కూర్చుంది. ఆ తర్వాత చలికాలం పొడిగాలి, ఇప్పుడు మన నిజామాబాద్ ఎండ. కట్టె ఇంట్లోకి వెళ్లాక ఆరడం మొదలైంది.

కట్టె ఆరడంలో ఒక విషయం ఉంది. పచ్చికట్టెలో మొదట కణాల లోపలి బోలులో ఉన్న నీరు పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుంది తప్ప కొలత మారదు. తేమ సుమారు 28, 30 శాతానికి దిగాక కణాల గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కట్టె కుంచించుకునేది అక్కడి నుంచే. అది కూడా అన్ని వైపులా ఒకేలా కాదు. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు, అడ్డంలో తగ్గుతుంది. ఆ అడ్డంలో కూడా చెట్టు వలయాల వెంబడి తగ్గేది, నడిమధ్య నుంచి బెరడు వైపు తగ్గేదానికి ఇంచుమించు రెట్టింపు. గుండ్రంగా చేసిన పిడి కొన్నాళ్లకు కోలగా మారేది అందుకే. ఇనుము మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పిడి పాడయ్యేది ఈ రెండింటి మధ్యే.

ఆ గీత కత్తిలో జరిగింది ఇదీ. కట్టె ఆరి సన్నబడింది. చుట్టూ బిగించిన ఇత్తడి పొన్ను సన్నబడదు కదా, వదులై జారిపోయింది. పొన్ను ఉన్నంతసేపు కత్తి తోక, అంటే పిడిలోకి దిగే ఇనుము, ఎంత ఒత్తినా కట్టె విచ్చుకోదు, ఆ ఉంగరం పని అదే. అది పోయాక ప్రతి గీతకూ తోక లోపలి నుంచి కట్టెను రెండుగా తోసింది. పగులు వచ్చింది, తోక కూర్చున్న బెజ్జం పెద్దదైంది, కత్తి తిరిగింది. తోక నలుచదరంగా చేశాం కాబట్టి పూర్తిగా తిరిగిపోలేదు. గుండ్రటి తోక అయ్యుంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయంగా ఉంది.

వంటింటి కత్తుల్లో నష్టం ఇంకో రకంగా కనబడుతుంది. ఇనుముకు రెండు పక్కలా చెక్కలు పెట్టి ఇత్తడి రివిట్లు కొట్టిన పిడి అది. చెక్క తగ్గి మధ్యలోని ఇనుము అంచు బయటికి వస్తుంది. వేలు పెట్టి నిమిరితే గోరుకు తగులుతుంది, అర మిల్లీమీటరు చాలు. అంతవరకైతే ప్రమాదం లేదు, మేం మళ్లీ అరగదీసి ఇస్తాం. కానీ తిరిగొచ్చిన వాటిని విప్పి చూస్తే నా పనిలో ఇంకో తప్పు కనబడింది. కొన్నింటిలో చెక్కకూ ఇనుముకూ మధ్య ఎపాక్సీ జిగురు దాదాపు లేదు. క్లాంపులు మరీ బిగించేశాం, ఉన్న జిగురంతా పక్కల నుంచి బయటికి వచ్చేసింది. ఎంత బిగిస్తే అంత గట్టి అని నేనే పిల్లలకు నేర్పాను. అది తప్పు. జిగురు పొర మిగలాలి. ఇప్పుడు ఇనుము లోపలి ముఖాన్ని ముతక ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి, నడుమ రెండు మూడు బెజ్జాలు వేసి, జిగురు అటు నుంచి ఇటు దాటేలా చేస్తున్నాం. క్లాంపు చేతి బిగింపు వరకే. టేకు, రోజ్‌వుడ్ లాంటి నూనె కట్టెలను జిగురు పూసే ముందు అసిటోన్‌తో తుడుస్తున్నాం.

ఇక కత్తి తోక కూర్చోబెట్టే పద్ధతి. తోక ఎర్రగా కాల్చి పిడిలోకి దింపడం మా తాత కాలం నుంచి వస్తున్నదే. బెజ్జం తోక ఆకారంలోనే పడుతుంది, బాగుంటుంది. కానీ కాలిన చోట బొగ్గు మిగులుతుంది, పనిచేసే కొద్దీ ఆ బొగ్గు పొడిపొడిగా రాలి వదులవుతుంది. అందుకని ఇప్పుడు ముందు డ్రిల్లుతో రెండు మూడు సైజుల బెజ్జం వేసి, చివరి కొంచెం మాత్రమే కాల్చి, బొగ్గు గీకేసి నింపుతున్నాం. నింపేది గీత కత్తులకు లక్క, జల్లెడ పట్టిన ఇటుక పొడి. ఎపాక్సీ ఎందుకు కాదని చాలామంది అడిగారు. గీత కత్తికి పిడి మార్చుకోవాల్సి వస్తూనే ఉంటుంది. లక్క అయితే వేడి చేసి పిడి లాగేయొచ్చు, మంచి అలుగు పాడవదు. ఎండలో ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలితే లక్క మెత్తబడుతుంది, కాబట్టి కత్తి నీడలో పెట్టండి. ఎపాక్సీ కూడా మరుగు నీళ్లకు తట్టుకోదు, సుమారు 60 డిగ్రీలు దాటితే పట్టు సడలుతుంది. వంటింటి కత్తులను వేడినీళ్ల గిన్నెలో నానబెట్టొద్దని చెప్పేది అందుకే.

ఇప్పటి నుంచి గీత కత్తులన్నింటికీ తోక పిడి చివరిదాకా వస్తుంది. వెనక వాషర్ మీద తోక మొన మడతకొడతాం. ఇక పొన్ను ఊడినా అలుగు చేతిలో ఉంటుంది. దీనికి ఇనుము ఎక్కువ పడుతుంది, కొలిమి పని కూడా పెరుగుతుంది. బరువు కూడా కొంచెం పెరిగింది, అది నాకు నచ్చలేదు కానీ ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గను.

గొడ్డలి కామల గురించి ఒక మాట. కామ వదులైతే గొడ్డలిని రాత్రంతా నీళ్ల తొట్టిలో పడేయడం అందరికీ అలవాటు. పొద్దునకు బిగుస్తుంది, నిజమే. కానీ లోపల ఉబ్బిన కట్టెకు చోటు లేక దాని పీచు ఇనుముకు ఒత్తుకుని నలిగిపోతుంది. ఆరాక ముందుకంటే ఎక్కువ వదులవుతుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ వదులు. దయచేసి అలా చేయకండి, తెచ్చివ్వండి, కొత్త చీల కొట్టి ఇస్తాం. కామ కొనేటప్పుడు ఎవరి దగ్గర కొన్నా చివర చూడండి. చారలు గొడ్డలి అంచు ఉన్న దిక్కునే ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. కామ పక్కన చూస్తే చారలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా పారాలి. మధ్యలోనే పక్కకు తప్పుకుని బయటికి వస్తే అక్కడే విరుగుతుంది. మేం కట్టెను రంపంతో కోయకుండా చీల్చి తీసేది ఇందుకే. చీల్చినప్పుడు కట్టె తన దారిన తాను విడుతుంది. వ్యర్థం ఎక్కువ పోతుంది, పోనివ్వండి.

వార్నీష్ అడిగేవాళ్లకు ఈసారి కూడా కాదనే చెబుతున్నాను. మెరుపు బాగుంటుంది, కానీ చెమట పట్టిన చేతిలో జారుతుంది, బొబ్బలు వస్తాయి. మరిగించిన అవిసె నూనె పట్టిస్తే చాలు. ఇంట్లో మీరే పట్టించేటట్టయితే తుడిచిన గుడ్డను ఉండ చేసి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

మటన్ కొట్టు కత్తులకు ఇక కట్టె వాడం. రోజంతా నీళ్లు, నెత్తురు, మళ్లీ నీళ్లు. ఏ కట్టెకైనా అది ఎక్కువే. నూలు బట్ట పొరలను రెసిన్‌లో ముంచి వేడి మీద ఒత్తి చేసే షీట్ ఉంటుంది, కరెంటు పనివాళ్లు హైలం షీట్ అంటారు, దాని జాతిదే. ఉబ్బదు, కుంచించుకోదు. కోసేటప్పుడు దుమ్ము మంచిది కాదు కాబట్టి మాస్కులు తెచ్చాను, షెడ్డు బయటే కోస్తున్నాం.

ఎర్రచందనం పిడి చేసివ్వమని నెలకు ఒకరైనా అడుగుతారు. చేయం. కాగితాలు లేని ఆ కట్టె మా షెడ్డులోకి రాదు. రోజ్‌వుడ్, మనవైపు జిట్టేగి అంటారు, లెక్క ఉన్న పాత ఫర్నిచర్ చెక్క దొరికితే ఇక్కడివాళ్లకు చేస్తాం. విదేశాలకు మాత్రం పంపం. 2017 నుంచి ఆ జాతి కట్టెలన్నీ సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల విదేశీ వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కిందికి వచ్చాయి, ఆ కాగితాల పని మా స్థాయిలో అయ్యేది కాదు. దుబాయ్‌లో, డాలస్‌లో ఉన్న మనవాళ్లకు నల్లతుమ్మ, చింత వేసి పంపుతాం. హీటర్లు, ఏసీలు నడిచే ఇళ్లలో గాలి బాగా పొడిగా ఉంటుంది, అందుకే వాళ్ల కట్టెను 8 శాతం దాకా ఆరబెట్టి చేయాలని అనుకుంటున్నాం.

ధరలు, గడువు సంగతి. గీత కత్తి పిడి ధర 180 రూపాయల నుంచి 240కి పెరుగుతుంది. వంటింటి కత్తికి 90 రూపాయలు పెరుగుతుంది. కొడవలి, ఉలి పిడులు పాత ధరే. పసుపు తవ్వకాల్లో ఉన్న రైతుల పార కామలు ముందు చేసిస్తాం, అవి ఆగే పని కాదు. మిగతా కొత్త ఆర్డర్లు మే చివరిదాకా తీసుకోవడం లేదు. ముందు ఆ 340 సంగతి తేలాలి. ఇప్పుడు షెడ్డులో ఉన్న కట్టె చివరలకు మైనం పూసి పేర్చి పెట్టాం, ప్రతి వరస మీదా తేదీ రాసి ఉంది. ఆదివారం ఆదివారం తూస్తున్నాం. వరసగా మూడు ఆదివారాలు బరువు తగ్గకపోతేనే ఆ కట్టె రంపం దగ్గరికి వస్తుంది. ఈసారి దసరాకు అందరికీ ఇవ్వలేకపోవచ్చు. అది ఇప్పుడే చెబితే మీరు వేరే ఏర్పాటు చేసుకుంటారని చెబుతున్నాను.

పాత పిడి పంపేటప్పుడు మీరు ఆర్డర్ ఇచ్చిన నంబరుకే ముందు ఒక ఫోటో పెట్టండి. విరిగిన పిడి పారేయకండి, అది కూడా కావాలి. ఎక్కడ పగిలిందో చూస్తేనే మాకు తెలుస్తుంది.

పెద్దాయన కత్తికి కొత్త పిడి వేశాం, మొన్న తీసుకెళ్లారు. నిన్న సాయంత్రం మళ్లీ వచ్చారు. కదలడం లేదట, బరువు కూడా చేతికి అలవాటవుతుందట. చివర బుడిపె మాత్రం కొంచెం లావు చేయమన్నారు, చెమటకు చిటికెన వేలు జారుతోందట. ఉన్న పిడికి కట్టె కలపలేం కాబట్టి కొత్తది చెక్కాలి. వెనక మడత విప్పి, లక్క వేడి చేసి పాతది లాగేశాను, కొత్త ముక్క బల్ల మీద ఉంది. ఎల్లుండి చెట్టెక్కే లోపల కావాలన్నారు.