గోతిక్ నవలలో వీలునామా తగాదా

సంపాదకులకు నమస్కారం.

విదేశీ చదువుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో ‘లక్షలు పోసి దయ్యాల కథలు చదివి వచ్చే పిల్లలు’ అన్న మాట నన్ను బాధపెట్టింది. మా అమ్మాయి స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో గోతిక్ సాహిత్యంలోనే, అంటే పాత కోటలు, దయ్యాలు, దాచిన గుట్టుల చుట్టూ అల్లిన భయానక కథల సాహిత్యంలోనే, ఎంలిట్ అనే పీజీ డిగ్రీ చేసింది. నేను సివిల్ కోర్టులో ఆస్తి దావాలు నడిపే న్యాయవాదిని. తను తెచ్చుకున్న పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, కేసు కట్ట చదివినట్టు పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివాను. ఆ చదువులో ఏముందో ఒక ప్లీడరుగా చెప్పనివ్వండి.

ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాకులా సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు. వాటి జోలికి పోను. ఈ సాహిత్యానికి ఆదిగా చెప్పే ‘కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764 చివర్లో వెలువడింది. రాసిన హొరేస్ వాల్పోల్ పార్లమెంటు సభ్యుడు, బ్రిటన్ తొలి ప్రధానిగా పేరుపడ్డ రాబర్ట్ వాల్పోల్ కుమారుడు. పెళ్లి ముహూర్తాన కొండంత శిరస్త్రాణం మీద పడి పెళ్లికొడుకు చనిపోతాడు. వంశం నిలుపుకోవాలని తండ్రి మాన్‌ఫ్రెడ్ కట్టుకున్న భార్యను వదిలేసి, కోడలు కావలసిన ఇసబెల్లాను తానే పెళ్లాడతానంటాడు. ఆ పిల్ల కోట కింది సొరంగంలోకి పారిపోతుంది. తుప్పు పట్టిన తలుపులు కిర్రుమంటాయి, చేతిలో దీపం గాలికి ఆరిపోతుంది. ఆ చీకట్లో ఆమె భయమంతా మామగారు కావలసిన మనిషి గురించే. ఇంతకూ అసలు సంగతి చివర్లో బయటపడుతుంది. మాన్‌ఫ్రెడ్ తాత యజమానికి విషం పెట్టి, దొంగ వీలునామాతో ఆ కోటను కాజేశాడు. మూడో తరం దాకా అనుభవంలో ఉన్న ఆస్తి, దానికి మూలం ఫోర్జరీ పత్రం! ఇలాంటి దావాలు మా కోర్టుకు కొత్త కాదు.

ఒట్రాంటో వచ్చిన మరుసటి ఏడాది, 1765లో, ఇంగ్లిష్ న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ ఇంగ్లండ్ చట్టాల మీద తన వ్యాఖ్యానాల తొలి సంపుటం ప్రచురించాడు. పెళ్లయ్యాక స్త్రీకి చట్టంలో విడిగా ఉనికి ఉండదని అందులో రాశాడు. 1768 నాటి మూడో సంపుటంలో అయితే ఇంగ్లిష్ చట్టాన్ని ఏకంగా పాత గోతిక్ కోటతో పోల్చాడు. మనుషులు కాపురముండేందుకు గదులు సర్దారు గానీ వాటికి దారులు మాత్రం వంకరటింకరే అన్నాడు. లా కాలేజీలో బ్లాక్‌స్టన్ పేరు పరీక్ష కోసం వల్లె వేశాం. ఆ కోట ముక్క మాత్రం మా అమ్మాయి చూపించేదాకా నేను వినలేదు. తన థీసిస్ కోసం నవలనూ ఈ సంపుటాలనూ పక్కపక్కన పెట్టి చదివింది.

నాకు బాగా నచ్చింది మాత్రం విల్కీ కాలిన్స్ రాసిన ‘ద వుమన్ ఇన్ వైట్’. 1859–60లో ధారావాహికగా వచ్చింది. కాలిన్స్ కూడా న్యాయవిద్య చదివినవాడే. కోర్టులో సాక్షులు ఒకరి తర్వాత ఒకరు చెప్పినట్టే కథ నడిపిస్తాడు. భార్య చనిపోతే ఆమె ఇరవై వేల పౌండ్లు భర్తకు వస్తాయి. అందుకని ఆమె పోలికలున్న మరో స్త్రీ చనిపోతే భార్యే పోయిందని నమ్మించి, బతికున్న భార్యను ఆ స్త్రీ పేరుతో పిచ్చాసుపత్రిలో పెట్టిస్తారు. ఆ భర్త సర్ పెర్సివల్‌ది ఇంకో గుట్టు ఉంది. తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు కాబట్టి బిరుదుకూ ఎస్టేటుకూ అతను హక్కుదారు కాడు. చర్చి రిజిస్టరులో ఒక పేజీ అడుగున మిగిలిన ఖాళీలో వాళ్ల పెళ్లి ఎక్కించేశాడు. దొరికిపోయిందెలాగంటే, రిజిస్టరుకు నకలు ఇంకోచోట భద్రంగా ఉంది. అందులో ఆ చోట ఏమీ లేదు. ఇరుకుగా ఇరికించిన అక్షరాలు చూసి అనుమానపడటం, నకలు తెప్పించి అసలుతో పోల్చడం, ఇది మేము రోజూ చేసే పనే. మా జూనియర్లకు ఆ అధ్యాయం చదివి వినిపించాను. ఎవరూ మధ్యలో లేవలేదు.

వివాహిత తన ఆస్తి తానే ఉంచుకునే చట్టం ఇంగ్లండ్‌లో 1882లో గానీ పూర్తిగా రాలేదు. అంతవరకూ ఆడవాళ్లు చెప్పుకోలేని భయాలను ఈ నవలలు సొరంగాలుగా, తాళం పడ్డ గదులుగా చూపించాయి. వాటిని విప్పి చదవడం విశ్వవిద్యాలయంలో నేర్పవలసిన విద్య కాదని ఎలా అంటారు?

మన విశ్వవిద్యాలయాల ఎంఏ ఇంగ్లిష్‌లో గోతిక్ సాహిత్యాన్ని ఒక ఎలక్టివ్ పేపరుగా పెట్టాలనీ, న్యాయశాస్త్ర విద్యార్థులకూ అందులో చేరే వీలు కల్పించాలనీ నా విన్నపం. నేను పేర్కొన్న నవలలు రెండూ, బ్లాక్‌స్టన్ సంపుటాలూ కాపీరైటు గడువు ఎన్నడో దాటినవి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గ్రంథాలయానికి వీటి కోసం పైసా ఖర్చు లేదు.

– ఒక సివిల్ న్యాయవాది, తెనాలి