పారిశ్రామికవాడ యూనిట్ల సంక్షేమ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో పెద్దది పంప్‌హౌస్ పని. గత సర్వసభ్య సమావేశం ఆమోదించినట్టే రెండు పంపులకూ పాత ఫిట్టింగులు తీసేసి కొత్తవి వేశాం, గేజ్‌లు బిగించాం. సామాను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మన కొనుగోలు కమిటీ సభ్యులే దగ్గరుండి ఎంచి తెచ్చారు. వారికి సంఘం రుణపడి ఉంది.

సక్షన్ లైనులో, అంటే నీళ్లను పంపులోకి లాగే పైపులో, ఇదివరకు మామూలు రెడ్యూసర్ (పెద్ద పైపును చిన్నదానికి కలిపే ముక్క) ఉండేది. దాని పైభాగాన గాలి చేరి పంపు మాటిమాటికీ ఎయిర్ లాక్ అయ్యేది. ఇప్పుడు ఒక వైపు చదునుగా ఉండే ఎక్సెంట్రిక్ రెడ్యూసర్‌ని, గాలి నిలవకుండా ఆ చదునైన వైపు పైకి ఉండేలా వేశాం. డెలివరీలో, అంటే పంపు నుంచి నీళ్లు బయటికి వెళ్లే పైపులో, అదురును మింగే బెల్లోస్, తర్వాత నీళ్లను వెనక్కి రానివ్వని ఎన్‌ఆర్‌వి, ఆ తర్వాత లైను మూసే గేట్ వాల్వ్. కరెంటు పోగానే నీళ్లు వెనక్కి తన్ని లైనంతా ఢామ్మని అదిరే బాధ తప్పింది. మనం నడిపేది 4 కిలోల ప్రెషర్‌ మీద కాబట్టి 6 కిలోలకు టెస్టు చేశాం. ఒక్క ఫ్లాంజ్ (పైపుల జాయింటు) దగ్గరా చెమ్మ కనబడలేదు.

డెలివరీకి 0-7 కిలోల గేజ్, సక్షన్‌కి వాక్యూమ్ కూడా చూపే కాంపౌండ్ గేజ్ పెట్టాం. పంపు అదురుకు ముల్లు కొట్టుకోకుండా రెండూ గ్లిజరిన్ నింపినవే తీసుకున్నాం. గేజ్ కింద మూసే కాక్ ఉంది కనుక పంపు ఆపకుండానే గేజ్ విప్పుకోవచ్చు.

ఈ పని విలువ వేసవిలో తెలిసింది. సక్షన్ గేజ్‌లో వాక్యూమ్ రోజురోజుకూ పెరుగుతోందని ఆపరేటర్ రిజిస్టర్‌లో రాసి, మాకు ఫోన్ చేశాడు. సక్షన్ పైపు అడుగున నీళ్లలో ఉండే ఫుట్ వాల్వ్ పైకి తీస్తే దాని జాలీ నిండా ప్లాస్టిక్ కవర్లు. ఇంకొన్నాళ్లు గమనించకపోతే పంపులో గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు మొదలై, లోపల తిరుగుతూ నీళ్లను తోసే ఇంపెల్లర్ అరిగిపోయేది. ఎండాకాలంలో ఒక్క షిఫ్టు కూడా ఆగలేదంటే ఆ కుర్రాడి చలవే. ఈ సభలో అతణ్ణి శాలువాతో సత్కరిస్తున్నాం.

వెల్డింగ్ సెట్ ఇచ్చిన యూనిట్‌కు, ఆదివారాలు వచ్చి పనిచేసిన ఫిట్టర్లకు, వారికి భోజనాలు పంపిన సభ్యులకు, జీతం కోయకుండా తమ మెకానిక్‌ను పంపిన యజమానికి పేరుపేరునా కృతజ్ఞతలు.

కరెంటు షట్‌డౌన్ కోసం రాసిన లేఖలకు సంబంధిత కార్యాలయం నుంచి జవాబే రాలేదు. వెళ్లి అడిగితే సార్ సైటులో ఉన్నారన్నారు. దానివల్ల పని వెనకబడింది. అది వాళ్ల సంగతి. గేజ్ రీడింగులు రాసే డ్యూటీకి చేతులెత్తి ఒప్పుకున్న మన సభ్యులు ఏమయ్యారు? రిజిస్టర్ తిరగేస్తే పేజీ పేజీకీ ఆపరేటర్ చేతిరాతే. నీళ్లు రాకపోతే మాత్రం రాత్రి పదింటికైనా ఫోన్లు వస్తాయి.

ఆడిటర్ గారు చూసిన జమాఖర్చులు జతపరిచాం, ఆమోదించగలరు. బకాయిలున్నవారు నెలాఖరులోగా చెల్లించాలి.

వచ్చే ఏడాది గేజ్‌లను కాలిబ్రేషన్‌కు (కొలత సరిచూడటానికి) పంపాలి, బోరు లైనుకు మీటరు పెట్టాలి. రీడింగ్ డ్యూటీకి కొత్త జాబితా రాస్తున్నాం. భోజనానికి లేచేముందు పేరు, వారం రాసి సంతకం పెట్టి వెళ్లండి.

— కార్యదర్శి